పాదువాలో మన పిల్ల వారం రోజులు

పోచంపల్లి అనగానే అందరికీ పట్టుచీరలు గుర్తుకు వస్తాయి. వినోబా భావే 1951లో భూదానోద్యమం ప్రారంభించిన ఊరు కూడా ఆ పోచంపల్లే. నేను చెప్పబోయేది దాన్ని గురించి కాదు. సికింద్రాబాదు నుంచి మేడ్చలు వెళ్ళే రైలుదారిలో, బొలారం దాటిన తర్వాత ఒక చిన్న స్టేషను వస్తుంది. అదీ మా గుండ్లపోచంపల్లి. ఇక్కడ మగ్గాలు లేవు, కుట్టుమిషన్లున్నాయి. ఎగుమతి దుస్తులు కుట్టే అపెరల్ పార్కు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఎందరో తెల్లవారి టిఫిను డబ్బా పట్టుకుని ఆ మిషన్ల దగ్గరికి పోతూంటారు. 2018లో ఊరు మునిసిపాలిటీ కూడా అయింది. ఇంటింటికీ ఒక ఇంజనీరు తయారవుతున్న రోజులు.

అలాంటి మిషను ముందు కూర్చునే ఒక తల్లి కూతురు నాకు డిగ్రీలో శిష్యురాలు. వృక్షశాస్త్రం ప్రధాన విషయంగా బి.ఎస్‌సి. చదివింది. తెలుగు రెండో భాష కనుక నా తరగతికి వచ్చేది. ఛందస్సంటే భయపడేది గాని వ్యాసం మాత్రం చక్కగా రాసేది. ఇప్పుడా పిల్ల ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయంలో మాలిక్యులర్ బయాలజీలో ఎం.ఎస్‌సి.తో సమానమైన చదువు చదువుతూంది. పేరు రాయవద్దంది కనుక రాయడం లేదు.

విదేశంలో చదువంటే మన ఇళ్ళల్లో అందరి కళ్ళముందూ ఒకే బొమ్మ ఉంటుంది: మంచులో కోటు తొడుక్కుని, వెనకాల పెద్ద భవనం పెట్టుకుని తీయించుకున్న ఫోటో. ఆ ఫోటో తీయించుకోని వేళల్లో పిల్లలు ఏం చేస్తుంటారో మనకు తెలియదు. అందుకని నేనే ఆ అమ్మాయిని, "ఒక్క వారం రోజులు ఏ పూట ఏం చేశావో తెలుగులో రాసి పంపు. వ్యాసంలా వద్దు, లెక్కలా రాయి" అని అడిగాను. 2025 ఫిబ్రవరి 10, సోమవారం మొదలుకొని ఏడు రోజులు ఫోనులో రాసి పంపింది. అందులో దాపరికాలు తీసేసి మిగతాది మీ ముందు పెడుతున్నాను.

ముందుగా భాష సంగతి

తెలుగు పంతులమ్మను కనుక ఈ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అంటారు కదా! ఆ మాటను పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిపోయిన వెనీసు వర్తకుడు నికొలో కాంటీ పేరుమీద మనవాళ్ళు చెప్పుకుంటూంటారు. ఆయన పుట్టిన కియోజ్జా రేవు పాదువాకు దూరమేమీ కాదు. రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయన్నది ఆ పోలికకు ఆధారం. రొట్టె వాళ్ళకు 'పానె', పాలు 'లాత్తె', పిల్లి 'గాత్తో'.

మా అమ్మాయి కనిపెట్టిన పోలిక ఇంకొకటి ఉంది. అది నాకు మరీ నచ్చింది. ఒత్తు పలకడం ఇంగ్లీషు వాళ్ళకు చేతకాదు, మనకూ ఇటాలియన్లకూ పుట్టుకతో వస్తుంది. వాళ్ళకు 'నోనో' అంటే తొమ్మిదోది, 'నొన్నో' అంటే తాతగారు. మన 'కల'కూ 'కల్ల'కూ ఉన్నంత దూరమన్నమాట! తరగతిలో అందరి కంటే ముందు తన ఉచ్చారణే కుదిరిందట. అంతమాత్రాన భాష వచ్చేసిందనుకోవద్దు. తన చదువు ఇంగ్లీషులోనే. బజారు, అద్దె ఇల్లు, కచేరీ, వంటశాల మాత్రం ఇటాలియనులోనే.

సోమవారం

ఆ వారం పాఠాలు లేవు. ఇటలీలో మొదటి ఆరునెలల పాఠాలు జనవరిలో ముగిసి, ఫిబ్రవరి అంతా పరీక్షల కాలం. మన పరీక్షలకూ వాళ్ళ పరీక్షలకూ చాలా తేడా ఉంది. అందరికీ ఒకే తేదీ, ఒకే హాలు టిక్కెట్టు ఉండవు. ఒక్కొక్క విషయానికి ఒక్కో కాలంలో రెండు మూడు తేదీలు ఇస్తారు. నీకు సిద్ధమనిపించిన తేదీకి నువ్వే పేరు రాయించుకోవాలి. మార్కులు ముప్ఫైకి. పద్దెనిమిది వస్తే ఉత్తీర్ణత. ముప్ఫైకి ముప్ఫై తెచ్చుకున్నవాళ్ళను ఇంకా మెచ్చుకోవాలనిపిస్తే 'త్రెంతా ఎ లోదె' అంటారు. ముప్ఫై, పైన ప్రశంస అని అర్థం.

పొద్దున ఏడింటికి లేచి అన్నం వండుకుని, డబ్బాలో పెట్టుకుని, సైకిలు మీద గ్రంథాలయానికి పోయింది. పాదువాలో సైకిలు లేని విద్యార్థి అరుదు. వీధులకు రెండు వైపులా కమానులతో కట్టిన వరండాలు ఉంటాయట. వాన పడుతున్నా వాటికింద నడిచి ఊరు చుట్టిరావచ్చు. రాత్రి ఏడుదాకా చదువు. గురువారం మౌఖిక పరీక్ష ఉంది. అంతకుముందు వారం రాసిన మరో పరీక్ష ఫలితం ఇంకా రాలేదు.

మంగళవారం

ఆ పూట పుస్తకం పట్టలేదు. వేలిముద్రలు ఇచ్చే రోజు.

ఇటలీలో దిగిన ఎనిమిది పనిదినాల్లోగా నివాసానుమతికి అర్జీ పెట్టుకోవాలి. దాన్ని 'పెర్మెస్సో' అంటారు. అర్జీ ఇవ్వవలసింది తపాలా కచేరీలో. ఫారాల కవరు వాళ్ళే ఇస్తారు. దానికి 16 యూరోల స్టాంపు అంటించాలి. తర్వాత పోలీసు కచేరీకి ఫలానా రోజున, ఫలానా గంటకు రమ్మంటూ పిలుపు వస్తుంది. సెప్టెంబరులో దిగిన పిల్లకు ఫిబ్రవరిలో వచ్చింది. అంతదాకా తపాలా రసీదే అనుమతిపత్రం. పాసుపోర్టు కంటే ఆ రసీదునే ఎక్కువ జాగ్రత్తగా దాచుకున్నానని రాసింది.

పనిమీద వచ్చినవాళ్ళలో నైజీరియా కుర్రాడు, బంగ్లాదేశ్ దంపతులు, ఇరాన్ అమ్మాయి ఉన్నారట. ఎవరికి వాళ్ళు కాగితాల కట్ట గుండెకు హత్తుకుని కూర్చున్నారు. మన తహసీలు కచేరీయే గుర్తుకు వచ్చిందట. ఆ కచేరీతో తనకు పరిచయం తక్కువేమీ కాదు. విద్యార్థి వేతనం కోసం తల్లిదండ్రుల ఆదాయపత్రం అక్కడే తీసుకుని, దానిమీద విదేశాంగశాఖ అపోస్టిల్ ముద్ర వేయించి, ఇటాలియనులోకి అనువాదం చేయించి పంపింది. తండ్రి సరుకుల ఆటో నడుపుతాడు. ఆ ఇంటి ఆదాయం ఎంతో పాదువా వాళ్ళకు కాగితం మీద రుజువు చేయడం పరీక్షలకంటే కష్టమైందని నాతో ఎన్నోసార్లు అంది.

బుధవారం

మధ్యాహ్నం భోజనశాలలో ఉండగా ఫోనులో ఫలితం కనిపించింది. ముప్ఫైకి పందొమ్మిది.

మన లెక్కన అది నూటికి అరవై మూడు. ఫస్టు క్లాసు! వాళ్ళ లెక్కన గట్టెక్కినట్లు మాత్రమే. ఇక్కడే ఇటలీ చదువులోని విచిత్రం ఉంది. వచ్చిన మార్కు నచ్చకపోతే విద్యార్థి దాన్ని వద్దనవచ్చు. వద్దంటే ఆ మార్కు పోతుంది, మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. గడువులోగా ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్లే లెక్క. మా అమ్మాయికి గడువు శనివారం అర్ధరాత్రి.

ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది. అక్కడ ఆరు, ఇక్కడ రాత్రి పదిన్నర. చలికాలంలో మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా.

"మేడమ్, ఉంచుకోనా, వదులుకోనా?"

"మీ అమ్మ ఏమంటుంది?"

"పాసైనవు కద బిడ్డా, ఇంకేంది అంటుంది."

నాకు వృక్షశాస్త్రం తెలియదు. ఇటలీ అంతకంటే తెలియదు. అందుకని, "లెక్క వెయ్యి. ఉంచుకుంటే ఏమొస్తుంది, వదులుకుంటే ఏం పోతుంది, రెండూ కాగితం మీద పెట్టు" అన్నాను.

ఆ లెక్క ఏమిటో చదువరులకు తెలియాలి. ఆ పిల్ల చదువు నడుస్తున్నది ప్రాంతీయ ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి వేతనం మీద. అది వచ్చినవారికి విశ్వవిద్యాలయపు ఫీజు దాదాపు మాఫీ. ఏడాదికి ఏడు వేల యూరోలకు అటూ ఇటూగా సాయం అందుతుంది. అందులో కొంత భాగం భోజనం రూపంలో ఇస్తారు. 2025లో యూరో నూరు రూపాయలు దాటింది కనుక మిగతాది మీరే గుణించుకోండి. ఈ సాయానికి మార్కులతో పనిలేదు, క్రెడిట్లతో పని. ఇరవై అయిదు గంటల శ్రమ ఒక క్రెడిట్టు. ఏడాదికి అరవై క్రెడిట్ల చదువు. మొదటి ఏడాది ఆగస్టు 10 లోగా కనీసం ఇరవై సంపాదించాలి. లేకపోతే రెండో వాయిదా రాదు. నవంబరు ఆఖరుకు కూడా రాకపోతే వేతనం రద్దయి, ఇచ్చింది తిరిగి కట్టమంటారు.

జనవరిలో గట్టెక్కిన పరీక్షకు ఆరు క్రెడిట్లు. గురువారం పరీక్షకు ఎనిమిది. పందొమ్మిది మార్కులు వచ్చిన దానికి తొమ్మిది. ఉంచుకుంటే మొత్తం ఇరవై మూడు, గండం గడిచిపోతుంది. ఇంటిదగ్గర తల్లి పుస్తెలతాడు బ్యాంకులో ఉంది. ఇంకోవైపు, రెండేళ్ళ తర్వాత పరిశోధనకు పోవాలంటే సగటు మార్కు చూస్తారు. తొమ్మిది క్రెడిట్ల విషయంలో పందొమ్మిది పడితే సగటు ఎంతకీ పైకి లేవదు.

గురువారం

మౌఖిక పరీక్ష. చెప్పిన వేళకు పావుగంట తర్వాత మొదలు కావడం అక్కడి ఆచారం. దానికి 'విద్యాలయపు పావుగంట' అని పేరు కూడా ఉంది. ఆలస్యానికి ఇంత గౌరవమైన పేరు పెట్టుకోవడం మనకు ఇన్నాళ్ళూ తోచలేదు!

పరీక్ష బహిరంగం. ఆచార్యుని ఎదుట ఒకరు కూర్చుని జవాబులు చెబుతూంటే, తక్కినవాళ్ళు వెనక బల్లల మీద కూర్చుని వినవచ్చు. చాలామంది తమ వంతుకు ముందురోజే వచ్చి ఏ ప్రశ్నలు పడుతున్నాయో విని పోతారట. మొదటి ప్రశ్న ఒక్కొక్కసారి, "నీకిష్టమైన అంశం ఏదైనా చెప్పు" అని ఉంటుంది. అది దయ అనుకుంటే పొరపాటు. ఆ అంశంలోనుంచే తవ్వుకుంటూ పోతారు. మన పిల్లలు రాతలో గట్టివాళ్ళే గాని, పెద్దవారి ముఖం చూస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడడం అలవాటు లేదు. మా అమ్మాయి వారం రోజులుగా రాత్రిపూట వంటింట్లో గిన్నెలు తోముతూ, కేరళ నుంచి వచ్చిన సహవాసి ఎదుట జవాబులు అప్పజెబుతూ వచ్చింది. ఇరవై ఎనిమిది వచ్చింది.

బయటికి వచ్చాక విశ్వవిద్యాలయపు పాత భవనంలోకి వెళ్ళి ఒక విగ్రహం ముందు కాసేపు నిలబడిందట. ఆ విద్యాలయం 1222లో పుట్టింది. గెలీలియో 1592 నుంచి 1610 దాకా అక్కడ పాఠాలు చెప్పాడు. మనిషి శరీరాన్ని కోసి చూపడానికి 1595 నాటికే అక్కడ మెట్లుమెట్లుగా ఒక శాల కట్టారు. అయినా మా అమ్మాయి నిలబడ్డది వీటిలో దేని ముందూ కాదు, ఎలెనా కోర్నారో పిస్కోపియా ముందు. 1678 జూన్ 25న ఆ విద్యాలయంలో తత్త్వశాస్త్రంలో డాక్టరు పట్టం పుచ్చుకున్న వనిత ఆమె. ప్రపంచంలో ఒక విశ్వవిద్యాలయం నుంచి తత్త్వశాస్త్రంలో ఆ పట్టం పొందిన మొదటి స్త్రీగా చెబుతారు. ఆ తర్వాత ఇటలీలో ఇంకొక స్త్రీకి, లారా బస్సీకి, బొలోన్యాలో అలాంటి పట్టం దక్కేసరికి 1732 వచ్చింది. నడుమ యాభై నాలుగేళ్ళు!

శుక్రవారం

పొద్దున బజారు. పాత న్యాయసభ భవనానికి అటు ఇటు రెండు కూడళ్ళు, ఒకటి ఆకుకూరల పేరు మీద, ఒకటి పండ్ల పేరు మీద. అక్కడ వంకాయలు దొరికాయి గాని కరివేపాకు లేదు. చింతపండు, పప్పులు, కారం స్టేషను దగ్గరి ఆసియా దుకాణాల్లో కొంటుంది. మధ్యాహ్నం భోజనం 'మెన్సా'లో, అంటే విద్యార్థుల భోజనశాలలో. వేతనం ఉన్నవారికి రోజుకొక పూట అక్కడ ఉచితం. మొదట పాస్తానో, అన్నంలాంటిదో పెడతారు. తర్వాత మాంసమో గుడ్డో, పక్కన ఉడికిన కూర, రొట్టె, ఒక పండు. ఏ పళ్ళెంలో ఏ మాంసం ఉందో అడగడానికి కావలసిన మాటలే తను నేర్చుకున్న మొదటి ఇటాలియను పాఠం.

సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఒక చిన్న హోటలు వంటశాలలో పని. కూరలు తరగడం, పళ్ళేలు కడగడం. విద్యార్థులు వారానికి ఇరవై గంటలు పనిచేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. తను శుక్ర, శనివారాల్లో మాత్రమే చేస్తుంది. నలుగురాడపిల్లలు పంచుకున్న ఇంట్లో తన వంతు అద్దె మూడువందల యూరోల పైచిలుకు. వేతనం వాయిదా చేతికి వచ్చేసరికి చలికాలం వచ్చింది. అంతదాకా నిలబెట్టింది ఆ పళ్ళేలే.

ఈ సంగతి తల్లికి తెలియదనుకుంది. తల్లికి తెలుసు. ఒకనాడు నాతో, "వీడియోల చేతులు చూసిన మేడమ్. సబ్బునీళ్ళల్ల నానిన చేతులు నాకు తెల్వయా?" అంది.

శనివారం

పగలంతా గ్రంథాలయం. రాత్రి పని ముగించి సైకిలు మీద ఇంటికి చేరేసరికి పదకొండున్నర. గడువుకు అరగంట ఉంది. లెక్క ముందే వేసి పెట్టుకుంది. పందొమ్మిది వదిలేస్తే చేతిలో ఉండేవి పద్నాలుగు క్రెడిట్లు. ఆగస్టు పదిలోగా ఇంకా ఆరు కావాలి. ఇదే పరీక్షకు ఫిబ్రవరి చివర ఇంకొక తేదీ ఉంది. అదీ పోతే జూన్, జూలైలలో కొత్త పరీక్షలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి గట్టెక్కినా ఇరవై నిండుతాయి. ఫెయిలైతే కాలం పోతుందే గాని మార్కుల పట్టీలో మచ్చ పడదు.

మీటలు నొక్కింది. పందొమ్మిది పోయింది.

ఇది తెగువ అని కొందరు, పొగరు అని కొందరు అనవచ్చు. నాకు మాత్రం తల్లి పనే గుర్తుకు వచ్చింది. కుట్టు వంకరపోతే దారం విప్పి మళ్ళీ కుడతారు. అయితే దారం విప్పే ముందు గంట కొట్టడానికి ఇంకా ఎంత టైముందో చూసుకుంటారు. ఆ పిల్ల చేసింది సరిగ్గా ఇదే.

ఆదివారం

పొద్దున బట్టలు ఉతకడం, వారానికి సరిపడా పప్పు వండి డబ్బాల్లో పెట్టుకోవడం. మధ్యాహ్నం మాత్రం తనకోసం ఉంచుకుంది. విశ్వవిద్యాలయం వారి వృక్షవాటికకు వెళ్ళింది. అది 1545లో వేసిన తోట. అప్పటి చోటు మారకుండా నేటికీ నిలిచిన విద్యాలయపు తోటల్లో అదే మిక్కిలి పాతది. 1585లో నాటిన ఒక తాటిజాతి చెట్టు ఇంకా బతికే ఉంది. జర్మను కవి గేటే దాన్ని చూసి మొక్కల పరిణామం గురించి ఆలోచించాడు కనుక ఇప్పుడది ఆయన పేరుతోనే చెలామణీ అవుతోంది. వేడిదేశాల మొక్కలకోసం 2014లో ఒక పెద్ద అద్దాల ఇల్లు తెరిచారు. బయట చలికి ముక్కు ఎర్రబడి ఉంటే, లోపలికి అడుగుపెట్టగానే మన ఆషాఢమాసపు ఉక్క! కోటు విప్పి చేతిమీద వేసుకుని, తెలిసిన మొక్కల దగ్గర చాలాసేపు తిరిగిందట. ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి ఏడ్చిందని తల్లి చెప్పింది. తను మాత్రం నాకు రాయలేదు.

తల్లిదండ్రులతో ఒక మాట

ఇటలీ పేరెత్తితే ఇంకా కొందరికి 2020 గుర్తుకు వస్తుంది. కరోనా అక్కడ విరుచుకుపడిన ఆ మార్చి 15న మిలాను నుంచి ఎయిరిండియా విమానం 218 మందిని ఢిల్లీకి చేర్చింది. వారిలో 211 మంది విద్యార్థులే. ఆ భయం తీరిపోయింది. ఫీజు తక్కువ, వేతనం దొరుకుతుంది అన్న మాట ఇప్పుడు వీధివీధికీ పాకింది. ఆ మాటలో నిజం ఉంది, కాని సగమే ఉంది.

మిగతా సగం ఇది. అర్హత ఉన్నా నిధులు చాలక వేతనం రానివారు ఉంటారు. వచ్చినా మొదటి వాయిదా ఆలస్యంగా అందుతుంది. కనుక కనీసం నాలుగైదు నెలల ఖర్చు చేతిలో పెట్టి పంపాలి. ఆదాయపు కాగితాలు, అపోస్టిల్, అనువాదం, వీటికి నెలలు పడతాయి. ప్రవేశపత్రం వచ్చాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. చదువు ఇంగ్లీషులోనే కదా అని ఇటాలియను నేర్చుకోకుండా పంపవద్దు. ఆర్నెల్లు ముందునుంచి నేర్పిస్తే అద్దె ఇల్లు దొరకడమూ తేలికే, పని దొరకడమూ తేలికే. కొడుకైనా కూతురైనా అన్నం, పప్పు వండటం నేర్పి పంపండి. అన్నిటికంటే ముఖ్యం, నలుగురి ఎదుట నోరు విప్పి చెప్పడం నేర్పండి. ఇందులో మా అధ్యాపకుల బాధ్యతే ఎక్కువ. ఈ ఏడాది నుంచి నా తెలుగు తరగతిలో నెలకొకసారి మౌఖిక పరీక్ష పెడుతున్నాను. వెనక బల్లల మీద కూర్చుని తక్కినవాళ్ళు వినవచ్చు. పావుగంట ఆలస్యం మాత్రం ఒప్పుకోను.

ఫిబ్రవరి చివర ఆ పరీక్ష మళ్ళీ రాసింది. ఆ రెండు వారాలూ హోటలు పని మానుకుంది, కనుక మార్చి అద్దెకు కొంత అప్పు చేయవలసి వచ్చింది. ముప్ఫైకి ఇరవై ఆరు వచ్చాయి. అవి ఉంచుకుంది. ఇరవై మూడు క్రెడిట్లు ఆగస్టుకు చాలా ముందే ఖాతాలో పడ్డాయి. కబురు వచ్చిన వేళ తల్లి మిషను మీద ఉంది. మధ్యాహ్నం అన్నం గంట కొట్టిన తర్వాత ఫోను చూసుకుని నాకు చేసింది.

"ఇరవై ఆరంటే మంచిదేనా మేడమ్?"

"మంచిదేనమ్మా" అన్నాను.

"మరి ఇది గూడ వద్దంటదేమో అడుగున్రి" అంది ఆమె.